పండ్లు కొరికిన పెద్దమనిషి

ఇటు దగ్గరికి జరుగున్రి బిడ్డా. టీవీ సప్పుడు జర తగ్గియ్యున్రి. జమున ముచ్చట చెప్త.

జమున ఆబిడ్స్‌ల చీరెల దుకాణంల కౌంటర్ మీద ఉండేది.

చెవి కింద గడ్డ లేస్తే ఆపరేషన్ చేసిన్రు. గడ్డతోని నరం గూడ తియ్యాల్సి వచ్చింది. మొఖం ఒక దిక్కు జారింది. నవ్వవోతే మూతి సగమే లేస్తది.

సేటు చెడ్డోడేం గాదు. "గిరాకులు ఒకతీరుగ చూస్తున్రమ్మా. కొన్నొద్దులు లోపల మడతలు వెయ్యి" అన్నడు.

అప్పటిసంది జమున నవ్వుడు బంద్ వెట్టింది. ఆమెను చూసి నవ్వెటోళ్లు గూడ లేకుంటైన్రు. మొఖం చూస్తరు, గప్పుడే ఫోన్ల తలకాయ వెడ్తరు.

ఎవరన్న ఒక్కలు, చూపు తిప్పకుంట తనను చూసి నవ్వితే చాలనుకునేది పిచ్చిది. వాన కోసం మొగులుకు చూసినట్టు చూసేది మనుషుల దిక్కు.

ఒకనాడు పొద్దుగూకంగ బస్టాపుల ఒక పెద్దమనిషి కూసున్నడు. చెవులు, దవడలు కప్పి రుమాల్ కట్టిండు.

జమున దిక్కు చూసి పండ్లు కొరికిండు.

దవడ బిర్రుగ ఉబ్బింది. పెదవి ఇంత గూడ కదల్లే.

తెల్లారి గదే. ఆ తెల్లారి గూడ గదే.

"నేనేం జేసిన ఈయనకు?" అని జమున భయపడ్డది. తమ్ముడు అంజన్‌కు చెప్పింది. వాడు ఆటో తోల్తడు, నోరు జర ఎక్కువ. తెల్లారి పొద్దుగూకంగ బస్టాపుకే వచ్చిండు.

"ఏంది పెద్దమనిషీ! మా అక్కను చూసి పండ్లు కొరుకుతున్నవ్? ఒక్కటిచ్చినంటే కొరికెతందుకు పండ్లే ఉండయ్!"

ఆయన చెంప మీద చెయ్యి వెట్టుకొని ఏందో చెప్పవోయిండు. మాట ముద్దముద్దగ వచ్చింది.

"తాగిండక్కా వీడు" అని అంజన్ రుమాల్ గుంజవోయిండు.

ఆయన రెండు చేతులతోని రుమాల్ వట్టుకున్నడు. జమున దిక్కు తిరిగి మల్ల పండ్లు కొరికిండు.

"చూసినవా, ఇంక సిగ్గులేదు!"

జమున మొఖం తిప్పుకున్నది. ఆయన లేసి పోయిండు. మల్ల గా బస్టాపుల కనవడలే.

ఏడాది తిరిగింది. నాంపల్లి దిక్కు ఒక దవాఖానల జమునకు మూతి మల్ల లేసెటట్టు ఇంకో ఆపరేషన్ చేసిన్రు. తొడల సన్నటి కండ తీసి చెంపల కుట్టిన్రు. నమిలే నరానికి కలిపిన్రు.

కుట్లు మానినంక, కసరత్ నేర్పే అక్షిత మేడం ఆమెను అద్దం ముందల కూసోవెట్టింది.

"అక్కా, నవ్వాలంటే పండ్లు గట్టిగ బిగవట్టు."

"నవ్వెతందుకు పండ్లు బిగవట్టుడేంది మేడం?"

"కొత్త కండను నమిలే నరానికి కలిపిన్రు గద, పండ్లు బిగవడ్తెనే దానికి ఇషారా అందుతది. మొదాల్ ఏం కదలది, నెలలు పడ్తది. మానేసినవనుకో, కండ గట్లనే పండుకుంటది."

జమున పండ్లు బిగవట్టింది. అద్దంల దవడ బిర్రుగ ఉబ్బింది. పెదవి కదల్లే.

ఆ మొఖం ఎక్కడ చూసిందో యాదికొచ్చింది. గిర్రున మేడం దిక్కు తిరిగింది.

"మేడం, రుమాల్ కట్టుకునే పెద్దాయన ఎవరన్న వచ్చేదా గీడికి?"

"భూమయ్యనా? ఔ, వచ్చేటోడు. ‘అద్దంల నవ్వింది చాలు, ఇగ మనుషులను చూసి నవ్వు’ అని నేనే చెప్పిన. ఆయనేమో, ‘ఆబిడ్స్ బస్టాపుల నా లెక్కనే మూతి జారిన బిడ్డ ఉంది మేడం, ఆమెతోనే షురూ చేస్త, గీ ఆపరేషన్ ముచ్చట గూడ చెప్త’ అని మస్తు సంబురపడ్డడు."

"ఇప్పుడేడున్నడు?"

"ఏమో అక్కా. ఒకనాడు వచ్చి, ‘గీ నవ్వు నాకొద్దు మేడం’ అన్నడు. మల్ల రాలే."

జమున చెంప ఇప్పుడు మంచిగ లేస్తది. కౌంటర్ మీదికి గూడ మల్ల వచ్చింది. అయినా పొద్దుగూకితే వచ్చిన బస్సు ఎక్కది. రుమాల్ కట్టినోళ్లు ఎవరొచ్చినా తొంగిచూస్తది.

యాదుంచుకొని నలుగురికి చెప్పున్రి బిడ్డా. ఏ ఊర్లె ఉన్నడో, భూమయ్య దాక పోయేదాక చెప్పున్రి, గామె కోరుకున్న నవ్వు నవ్వింది లోకంల ఆయనొక్కడే అని.