దీపం మీద స్వెట్టరు

సంతలోనూ, పెళ్లిచూపుల్లోనూ, పాడేరు దగ్గరి ఆ చిన్న బడిలోనూ, ఎక్కడ చూసినా నిజం దీపాలే. ఎవరైనా అబద్ధమాడితే చాలు, ఎర్రగా వెలుగుతాయి. జ్ఞానసుందరి టీచరు రెండో తరగతి పిల్లలకు దాన్నొక ఆటగా మార్చింది. హాజరు పలికేటప్పుడు రోజూ తలా ఒక నిజం చెప్పాలి.

“ఇవాళ పళ్లు తోముకోలేదు టీచర్!” అన్నాడు భీమరాజు. దీపం పచ్చగా వెలిగింది. అందరూ పకపకా నవ్వారు.

చివరి వంతు టీచరుది.

“నాకేంటర్రా, హాయిగా ఉన్నాను,” అందామె.

దీపం ఎర్రబడింది.

పిల్లలు నోళ్లు తెరిచారు. టీచరుకు తలెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అబద్ధమాడకూడదని రోజూ చెప్పే నోటితోనే ఆడేసింది కదా!

ముందు బల్ల మీది సుమిత్ర లేచింది. స్వెట్టరు విప్పి, కుర్చీ ఎక్కి, దీపం మీద కప్పేసింది. చలికి వణుకుతూనే, “ఇప్పుడది చూడదు. ఏమైందో చెప్పండి టీచర్,” అంది.

ఇప్పుడు ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. కానీ టీచరు పిల్లల వైపు తిరిగింది.

“నాకు బదిలీ అయిందర్రా. సోమవారం నుంచి రాను. మీతో చెప్పడానికి నోరు రాలేదు.”

ఇదీ అబద్ధమే అయితే బాగుండునని భీమరాజు మెల్లగా వెళ్లి స్వెట్టరు అంచు ఎత్తబోయాడు. సుమిత్ర వాడి చెయ్యి పట్టుకుంది.

“చూడక్కర్లేదురా,” అంది కళ్లు తుడుచుకుంటూ. “టీచరే చెప్పారుగా.”