పదకొండో గీత

“ఈ పదకొండో మిషన్‌ను శుక్రవారం ఆపేస్తాము వదినా,” అన్నాడు ఉదయకుమార్, తెర మీది ఆకుపచ్చ గీతను వేలితో చూపిస్తూ.

శివరంజని నీళ్ళ సీసాకు మూత పెట్టడం మరిచిపోయింది.

“ఎందుకు సార్? బాగానే ఉండాది కదా!”

“ఏం బాగు? పాతదయిపోయినాది. పని లేదు, పాటు లేదు. కరెంటు తినుకోని ఊరికే కూర్చోనుండాది.”

రాజపాళయంలోని ఆ చిన్న కంపెనీలో పక్క గది నిండా ఇరవైనాలుగు కంప్యూటర్లు చలిలో హోరుమంటూ ఉంటాయి. తెర మీద ఒక్కోదానికి ఒక్కో గీత. ఏ నిమిషాన ఎంత పని చేసిందో ఆ గీతే చెబుతుంది. ఎర్ర హద్దు దాటితే ఇంజినీరు ఉదయకుమార్‌కు ఫోన్ చెయ్యాలి. శివరంజని ఉద్యోగం అదే. పదో తరగతితో బడి మానిపించి, సత్రపట్టిలో గాయాలకు చుట్టే కట్టుగుడ్డ నేసే మగ్గాల దగ్గర నిలబెట్టారు ఆమెను. తెగిన పోగును పట్టే ఆ కన్నే ఇక్కడ అన్నం పెడుతోంది.

ఈ కుర్చీలో ఆమెకన్నా ముందు కూర్చున్నది భర్త మహేంద్రన్; ఉదయకుమార్ అతన్ని అన్నా అనే పిలిచేవాడు. పాపకు పేరు పెట్టిన మూడో నెలలో, తళవాయిపురం రోడ్డులో లారీ గుద్ది పోయాడు. కంపెనీవాళ్ళు జాలిపడి ఆ కుర్చీ ఆమెకిచ్చారు.

చేరిన వారానికే ఆమె చూసింది. రోజంతా నేలబారున పాకే పదకొండో గీత, మధ్యాహ్నం ఒకటీ పదికి ఎద్దు మూపురంలా లేస్తుంది. నాలుగైదు నిమిషాలుండి మళ్ళీ పడుకుంటుంది. ఒకటీ పది మహేంద్రన్ అన్నానికి ఇంటికొచ్చే వేళ. అతని బండి చప్పుడు వినగానే అత్త గురువమ్మాళ్ కంచం కడిగేది. ఆ మిషన్‌ను అక్కడ పెట్టిందీ అతనే. తన కోసం లోపల ఏదో రాసిపెట్టి పోయాడని శివరంజని నమ్మింది. అది లేచాకే అన్నం డబ్బా విప్పుతుంది.

“ఆయన చేసిపెట్టిన పనేదో లోపల ఉండాది సార్. ఒకటీ పదికి చూడండి.”

“అది లోపలి పని కాదు వదినా, నేనూ వెతికినాను. బయటినుంచి ఎవరో తట్టి పోతుండారు. నెట్టులో అట్లాంటివి వేలు తిరుగుతాయి.” ఉదయకుమార్ ఏడాది మొత్తం ఒకేసారి కనబడేలా మార్చాడు. మూపురాలన్నీ కరిగిపోయి గీత చదునుగా పడుకుంది. “చూడండి, ఏమన్నా ఉండాదా?”

“అంత దూరం పోయి చూస్తే ఏం కనబడతాది సార్? దగ్గరికి రాండి.” ఆమె వారానికి మార్చింది. ఆరు మూపురాలు. “ఆదివారం, నాకు సెలవునాడు, లేదు చూడండి. ఆదివారం ఆయన ఇంట్లోనే కదా ఉండేది!”

“సరి. అట్లయితే చిత్తిరై నెలలో ఈ రెండు రోజులు ఎందుకు లేవలేదు?”

శివరంజని తల వంచుకుంది. “అప్పుడు ఆయనకు నా మీద కోపం.”

ఆ చిత్తిరైలో అత్త ఫోన్‌కు రీచార్జి చెయ్యమంది. పాపకు జ్వరం, చేతిలో చిల్లర లేదు, విసుగు. “ఎవరితో మాట్లాడాలని అత్తా నీకు ఫోను?” అనేసింది. గురువమ్మాళ్ రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడోనాడు శివరంజనే తగ్గి రీచార్జి చేయించింది. ఆ మధ్యాహ్నం గీత లేచింది. తల్లిని నొప్పించినందుకు అలిగి, మన్నించాడనుకుంది.

నిజానికి ఆ తల్లి నొచ్చుకుంటుందంటేనే ఆమెకు ఆశ్చర్యం. కొడుకు పోయిన నాడు గురువమ్మాళ్ ఏడవలేదు. పదహారో రోజునే ఫోటో గోడనుంచి తీసి పెట్టెలో పెట్టేసింది. అతని పేరు ఎత్తదు, ఎత్తనివ్వదు. “పోయినోడి మాట ఎందుకిప్పుడు? పాపకు అన్నం పెట్టు,” అంటుంది. పాప ఎలా ఉందోనని శివరంజని పొద్దున్నుంచి నాలుగుసార్లు ఫోన్ చేస్తే, “నీ కండ్లముందర లేకుంటే కరిగిపోతాదా నీ కూతురు?” అని కసురుతుంది. రాతి మనిషి, అనుకునేది శివరంజని.

శుక్రవారం వచ్చింది.

“ఒకటీ పది దాటనీండి సార్. పది నిమిషాలే కదా!”

“నా చేతిలో లేదు వదినా. ఒంటిగంటకు అని పైనుంచి చెప్పినారు.” ఉదయకుమార్ చిన్న పెన్‌డ్రైవ్ ఆమె చేతిలో పెట్టాడు. “అన్న పాత ఫైళ్ళు, వీడియోలు ఏవేవో ఉండాయి. అన్నీ ఇందులో వేసినాను. ఉంచుకోండి.”

ఒంటిగంటకు గీత ఆగింది. నేలకు పడిపోతుందనుకుంది ఆమె, పడలేదు. పని లేని మిషన్‌కైతే నేలబారు గీత ఉంటుంది. లేని మిషన్‌కు గీతే ఉండదు. ఒకటీ పది వచ్చింది. మిగిలిన ఇరవైమూడు గీతలూ తమ దారిన తాము పోయాయి. పదకొండో వరసలో ఉత్త తెలుపు. ఆమె డబ్బా విప్పలేదు.

రెండున్నరకు ఇల్లు చేరేసరికి గురువమ్మాళ్ గడపలో కూర్చుని ఉంది. ఒడిలో పాప నిద్రపోతోంది. చేతిలో ఫోన్. దాన్ని కొంగుతో తుడుస్తోంది, నొక్కుతోంది, మళ్ళీ తుడుస్తోంది.

“డబ్బా బరువుగా ఉండాదే. తినలేదా?”

“ఆకలి లేదు అత్తా. నువ్వు తిన్నావా?”

“లేదు.”

శివరంజని పాపను ఎత్తుకోబోయి ఆగింది. అత్త కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. ఈ ఇంటికి వచ్చాక ఆ కళ్ళను అలా చూడడం అదే మొదటిసారి.

“ఏమైనాది అత్తా? పాపకు ఏమన్నా...”

“పాప బాగుండాది.” గురువమ్మాళ్ తల ఎత్తకుండా ఫోన్ ముందుకు చాచింది. “ఇదే చెడిపోయినట్టుండాది. ఒకటీ పదినుంచి నొక్కుతుండాను, ఊరికే సుడి తిరుగుతాది. నీకు తెలుస్తాది కదా, కొంచెం చూడు.”

“ఏది రాలేదు అత్తా?”

గురువమ్మాళ్ ఫోన్ తెరను బొటనవేలితో ఇంకోసారి తుడిచింది. 

“ఈ పొద్దు మహేంద్రన్ మాట్లాడలేదమ్మా.”