మణుగూరు లిస్టు

కంప్యూటర్‌లోంచి తన పేరు తీసెయ్యాలని ఉపేందర్ సోమవారం పొద్దున్నే నిశ్చయించుకున్నాడు.

గోదావరిఖనిలో ఒక బొగ్గుబాయి ఆఫీసులో క్లర్కు అతను. ఆరేళ్లు కాళ్లరిగేలా తిరిగితే పోయిన నెలలోనే కంపెనీ క్వార్టర్ దొరికింది. గోడలకు సున్నం వాసన ఇంకా పోనేలేదు. అంతలోనే సూపరింటెండెంట్ సంధ్యారాణి మేడం, అటెండర్ పోశంతో అంటున్న మాట చెవిన పడింది.

"మణుగూరు ట్రాన్స్‌ఫర్ల లిస్టు వచ్చింది పోశం. నా కంప్యూటర్ల కొత్త ప్రోగ్రాం ఉన్నది గద, అండ్ల ఉన్నది. ఒకటో తారీకు బయటపెడ్త. ఎవ్వలకు చెప్పకు."

మణుగూరంటే జిల్లాలు దాటి ఎక్కడో ఉన్న ఇంకో బొగ్గు ఊరు, లిస్టులో తన పేరు ఉండే ఉంటుందనుకున్నాడు ఉపేందర్. భార్య అనసూర్య అప్పుడే పెరట్లో బీరపాదు పెట్టింది. ఇల్లు మళ్లీ మూట కట్టమంటే ఆమె ముందు తననే మూట కడుతుంది.

మధ్యాహ్నం అందరూ క్యాంటీన్‌కు పోగానే మేడం కుర్చీలో కూర్చున్నాడు. అది తనకు తెలిసిన విండోస్ కాదు, లినక్స్ అనే వేరే సిస్టం. పాస్‌వర్డ్ రాసిన చీటీ తెరకే అతికించి ఉంది. పెద్దామె, యాదికుండదేమో అనుకున్నాడు.

ప్రోగ్రాం నొక్కితే తెరుచుకోలేదు. ఏదో ప్యాకేజీ లేదని ఇంగ్లీషులో కసిరింది. బీటెక్ చదివే మేనకోడలు హర్షిణికి ఫోన్ చేశాడు.

"అది పైథాన్‌ల రాసిన ప్రోగ్రాం మామా. దానికి కావాల్సిన సామాను మనమే ఎక్కియ్యాలె. పిప్ ఇన్‌స్టాల్ అని కొట్టు."

కొట్టాడు. "సిస్టంల ఉన్న పైథాన్‌ను ముట్టుకోవద్దంటున్నది బిడ్డా!"

"అయితే వేరు కాపురం పెట్టియ్యి. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ అంటరు. అండ్ల ఏం ఎక్కించినా అసలు సిస్టంకు ఏం గాదు."

వేరు కాపురం పెట్టించేసరికి లంచ్ అయిపోయింది.

మంగళవారం ఆ ప్యాకేజీ ఇంకో ప్యాకేజీని అడిగింది. బుధవారం అది కంపైలర్ కావాలంది. పెండ్లికి పిలవబోతే బావమరిది వస్తేనే వస్తానని ఒకడు, తోడల్లుడు వస్తేనే వస్తానని ఆ బావమరిది అలిగినట్టుంది వ్యవహారం. ఉపేందర్ అందరినీ బతిమాలి తెచ్చాడు. మధ్యాహ్నం తిండి మానేశాడు. కమాండ్లన్నీ నోటుబుక్కులో రాసుకుని బట్టీ పట్టాడు. నిద్రలో కూడా "సుడో, సుడో" అని ఆ కమాండే కలవరిస్తుంటే, అదెవతో చెప్పమని అనసూర్య చీపురు పట్టుకుని నిలబడింది.

శుక్రవారం మేడం లంచ్ మధ్యలోనే వచ్చేసింది. ఉపేందర్ చటుక్కున లేచి పక్కనున్న ఫైళ్లు సర్దసాగాడు.

"ఏం ఉపేందర్, తినలేదా?"

"ఉపవాసం మేడం."

"వారమంతనా?"

"మొక్కు మేడం."

"మంచిది. నేను బ్యాంకుకు పోతున్న, రెండు గంటలదాంక రాను" అని కళ్లద్దాలు తీసుకుని వెళ్లిపోయింది. తెర వైపు చూడనైనా లేదు. దేవుడున్నాడనుకున్నాడు ఉపేందర్.

పై సోమవారం ఆఖరి ప్యాకేజీ ఎక్కింది. ప్రోగ్రాం టక్కున తెరుచుకుంది. లిస్టు వెతికాడు. కిందికీ మీదికీ మూడుసార్లు చూశాడు. తన పేరు లేదు. అసలు ఎవరి పేరూ లేదు. ట్రాన్స్‌ఫర్లు రద్దయినట్టున్నాయి!

ఆ ఆనందంలో పోశంకు మిర్చి బజ్జీలు తినిపించాడు. తానూ ఎనిమిది తిన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది, కమాండ్ల నోటుబుక్కు మేడం టేబుల్ మీదే ఉండిపోయిందని. పరుగున వచ్చేసరికి లోపల మేడం గొంతు వినిపించింది. హెడ్డాఫీసు వాళ్లతో ఫోన్‌లో మాట్లాడుతోంది. ఉపేందర్ తలుపు చాటునే ఆగిపోయాడు.

"అవును సార్, ఆర్నెల్ల సంది ఎవ్వలతోని గాని ప్రోగ్రాం ఇప్పుడు మా దగ్గర నడుస్తున్నది" అంటోంది ఆమె. "లిస్టా? ఏ లిస్టు లేదు సార్, ఉన్నదని పుకారు పుట్టిస్తేనే గద మా ఉపేందర్ వారం రోజులు ఉపవాసముండి అన్ని ఎక్కిచ్చిండు... ఆఁ, మణుగూరుల గూడ ఎక్కిచ్చేటోడు లేడా, గట్లయితే ఆయన్నే ట్రాన్స్‌ఫర్ చేసుకోండ్రి!"