గడుగ్గాయి గొంతు

"అయితే దాన్ని గాజు గూట్లో పెట్టి తాళం వేయడం ఖాయమేనా అన్నయ్యా?" చెల్లెలు మళ్ళీ అడిగింది.

అన్న తలెత్తకుండానే ఖాయమన్నాడు. వడ్రంగి అప్పుడే గూడు బిగించి వెళ్ళాడు. వార్నిష్ వాసన ముందుగది అంతా పరుచుకుని ఉంది. ఆ గూడు గడుగ్గాయి కోసం. గడుగ్గాయి అంటే వాళ్ళ కంపెనీకి ఆయువుపట్టయిన బొమ్మ. కొయ్య తల, గుండ్రటి కళ్ళు, కిందికీ పైకీ ఆడే దవడ, నోటి నిండా దుడుకు మాటలు. తండ్రి దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, తన పెదవి కదలకుండా మాట్లాడించేవాడు. బొమ్మల కొట్టు ముందు మొదలైన ఆ ఆట రేడియోకెక్కింది, టీవీకెక్కింది, చివరికి పిల్లలతో కిటకిటలాడే ఈ వినోదశాల అయింది. తండ్రి పోయాక బొమ్మ మూగబోయింది.

వార్షికోత్సవం దగ్గరపడింది. కంపెనీ చరిత్రలోని ముఖ్య ఘట్టాలను ముందుగది గోడ మీద ఫొటోలుగా పెడుతున్నారు. ఫొటోల కింద నాలుగు ముక్కలు రాసే పని చెల్లెలిది, ఏది ఎక్కడ ఉండాలో చెప్పే పెత్తనం అన్నది. తల్లి పక్కన కుర్చీలో కూర్చుని, ఒళ్ళో ఉన్న బొమ్మ మొహాన్ని మెత్తటి గుడ్డతో తుడుస్తోంది. ఆవిడ అసలే మితభాషి. భర్త పోయాక ఆ ఉన్న మాటలూ తగ్గాయి.

చెల్లెలికి గడుగ్గాయిని మళ్ళీ వేదిక ఎక్కించాలని ఉంది. అందుకోసం అద్దం ముందు ఏళ్ళ తరబడి తంటాలు పడింది. ప, బ, మ దగ్గరకొచ్చేసరికి పెదవులు కలిసిపోయేవి. కలవకుండా బిగబట్టుకుంటే "మామయ్య" కాస్తా "నానయ్య" అయ్యేది. అన్నకు ఇక ఆశ లేదు. గొంతు లేని బొమ్మను ఆడించి నవ్వులపాలు కావడం కన్నా గాజు వెనక మర్యాదగా కూర్చోబెట్టడమే నయమని అతని వాదన. దాని చోట్లోకి ఓ కార్టూన్ కుందేలును కూడా సిద్ధం చేయించాడు.

మొదటి ఫొటో బొమ్మల కొట్టుది. తండ్రి ఒళ్ళో గడుగ్గాయి, పక్కన ఖాళీ పెట్టె పట్టుకుని తల్లి. అమ్మకి ఫొటో అనగానే అదే నవ్వు, జిగురుతో అతికించినట్టు ఉంటుందని అన్న ఆటపట్టించాడు. తల్లి బొమ్మ చెంప తుడుస్తూనే ఉంది.

రెండోది రేడియో వాళ్ళది. గది ఇరుకు, ఒక్కరే రావాలన్నారట. భార్య పక్కన లేనిదే తనకు మాట పెగలదని తండ్రి మొండికేశాడట. చేసేది లేక ఆవిడకూ ఓ స్టూలు వేశారు. చెల్లెలు దాని కింద 'విడదీయలేని జంట' అని రాసింది.

తర్వాతది దేశమంతా చెప్పుకున్న ఘట్టం. తండ్రి గ్లాసెత్తి గటగటా నీళ్ళు తాగుతుంటే గడుగ్గాయి పాట ఆపకుండా పాడింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ కిటుకేమిటో చెప్పమని విలేకరులు వెంటపడితే, నన్నడిగి ఏం లాభమని ఆయన నవ్వేసి ఊరుకున్నాడు.

ఆ పక్కనే 'ఆట లేదు' అని బోర్డు వేలాడుతున్న తలుపుల ఫొటో. చెల్లెలు కడుపున పడ్డప్పుడు తల్లి మంచం పట్టింది. ఆవిడ లేచి తిరిగేదాకా తండ్రి ఆటలన్నీ రద్దు చేసి మంచం పక్కనే ఉండిపోయాడు. పెళ్ళాం మీద అంత ప్రేమ ఎందరికుంటుందని అన్న మురిసిపోయాడు. అంతలో గడుగ్గాయి వేళాకోళాలు గుర్తొచ్చి నవ్వుకున్నాడు. తండ్రి గురకనూ, నెత్తి మీదే పెట్టుకుని ఇల్లంతా వెతికే కళ్ళజోడునూ, సరుకులకని వెళ్ళి ఉత్త చేతులతో రావడాన్నీ ఆ బొమ్మ వేదిక మీద ఏకిపారేసేది.

"అమ్మేమో నాన్నని పల్లెత్తు మాట అనేది కాదు. ఆ లోటు నాన్నే బొమ్మతో తీర్చుకునేవాడు," అన్నాడు.

చెల్లెలు నవ్వలేదు. కలం పక్కన పడేసింది.

"ఇంత విద్య ఉండి నాకు ఒక్క ముక్క నేర్పలేదు. ఎంత బతిమాలానో నీకు తెలీదు. తర్వాత చూద్దాంలే అని తప్పించుకునేవాడు. నాన్నకి అంత స్వార్థమేంటి అన్నయ్యా?"

ఏళ్ళుగా కడుపులో దాచుకున్న మాట అది. అనేశాక ఆమెకు ఏడుపొచ్చింది. తల్లి చేతిలోని గుడ్డ ఆగిపోయింది.

అన్న నొచ్చుకున్నాడు. పోయిన మనిషిని అలా అనకూడదని మందలించి, ఈ గొడవకు ఇక్కడితో ముగింపు పలుకుదామని బొమ్మను తీసుకోబోయాడు. తల్లి ఒక్క క్షణం దాన్ని వదల్లేదు. తర్వాత వదిలింది. అతను గడుగ్గాయిని గూట్లో కూర్చోబెట్టి, వేలాడుతున్న దవడ మూసి, గాజు తలుపు దగ్గరికి వేశాడు. చెల్లెలు చూడలేక మొహం తిప్పుకుంది.

"ఒరేయ్, తాళం వెయ్యకు. ఊపిరాడక చస్తాను."

అదే కీచుగొంతు. అదే సాగదీత. అన్న చేతిలోంచి తాళం జారి కింద పడింది. ఎవరో పాత రికార్డింగు పెట్టారనుకుని గోడ వైపు చూశాడు. స్పీకర్లు ఇంకా బిగించనే లేదు. చెల్లెలు అతని వంక చూసింది. అతని నోరు తెరుచుకుని ఉంది కానీ అందులోంచి మాట రావడం లేదు.

"నీకు నేర్పలేదని మీ నాన్నని ఆడిపోసుకోకే పిల్లా," అంది గడుగ్గాయి గొంతు. "పాపం, ఆ మనిషికి వస్తే కదా నేర్పడానికి. రేపు పొద్దున రా, నేను నేర్పుతా."

మ దగ్గర గానీ, ప దగ్గర గానీ ఆ గొంతు తడబడలేదు. అన్నాచెల్లెళ్ళు మెల్లగా తల్లి వైపు తిరిగారు. ఆవిడ ఖాళీ ఒడిలో చేతులు పెట్టుకుని, కళ్ళ నిండా నీళ్ళతో కూతురినే చూస్తోంది. పెదవులు కదలడం లేదు.

గొంతు మాత్రం కదులుతోంది.