కత్తెరమ్మ రాజ్యం

"ప్రజలెవరూ లేరు!"

కత్తెరమ్మ పెట్టిన కేకకి భర్త సగం గీసిన గడ్డంతో, నురగతోనే పరిగెత్తుకొచ్చాడు. ఇంటికొచ్చిన ఏ కాగితాన్నీ సాంతం ఉంచదని ఆవిడకి ఆ పేరు పెట్టింది ఆయనే.

గోడకి ఆనించిన పెద్ద అట్ట మీద రాజుగారు నిక్షేపంగా ఉన్నారు. సోఫాల ప్రకటనలోంచి వచ్చిన సింహాసనం, నగల ప్రకటనలోంచి వచ్చిన కిరీటం, పళ్ళపొడి ప్రకటనలోంచి వచ్చిన నవ్వు, ఏవీ చెక్కుచెదరలేదు. ఆ సింహాసనాన్ని భుజాల మీద మోస్తున్న జనమే మాయం. పొట్లాలు విప్పిన పాత పేపర్లలోంచి ఏరి ఏరి అతికించిన జనం. వాళ్ళున్న చోట ఇప్పుడు కాసిని పీలికలు, ఎవరిదో ఒక చెవి మిగిలాయి.

"ఇంకాసేపట్లో గ్యాలరీ ఆయన వస్తాడండీ! నచ్చితే ప్రదర్శనలో గోడ ఇస్తాడు. లేకపోతే ఇదీ మంచం కిందికే. చెప్పండి, ఎవరు చింపారు?"

"నావంక చూస్తావేం? నేను ఆ మూలకి రావడమే మానేశాను. మొన్న నా అరికాలికి ఒక మంత్రి అతుక్కుపోయాడు."

అత్తగారు కళ్ళజోడు సర్దుకుంటూ వచ్చి వంగి చూసింది. "ఎలక పనే అమ్మాయ్. పళ్ళ గాట్లు కనబడటంలా? దేంతో అతికించావు?"

"మైదా ఉడకబెట్టి..."

"అదీ సంగతి! డబ్బాలో పిండి తగ్గిపోతుంటే నాకే మతిమరుపొచ్చిందనుకున్నాను."

"మరి రాజుని ముట్టుకోలేదేం?" అన్నాడు భర్త.

కత్తెరమ్మ గొంతు తగ్గింది. "ఆయన్ని సీసా జిగురుతో అతికించాను. మంచి రకం. మొహం ముడతలు పడకూడదని."

"ప్రజలు ముడతలు పడినా ఫర్వాలేదా?"

"వాళ్ళు బోలెడంతమంది కదండీ! సీసా ఎక్కడ సరిపోతుంది?"

"ఇంతకీ బొమ్మకి ఏం పేరు పెట్టావు?"

"అందరూ సమానమే" అని గొణిగింది కత్తెరమ్మ.

ఆయన నవ్వాపుకోలేక గోడ పట్టుకున్నాడు. అత్తగారు గిన్నెలో మిగిలిన మైదా జిగురు తీసుకుని, ఎలకల బోను వెతకడానికి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

గంట మోగింది. గ్యాలరీ ఆయన వచ్చేశాడు.

"ఇంకా పూర్తి కాలేదండీ" అంటూ కత్తెరమ్మ అట్టకి అడ్డంగా నిలబడింది. ఆయన పక్కనుంచి తొంగిచూశాడు. తర్వాత నేలమీదే చతికిలబడి, చిరిగిన అంచుల్ని వేలితో తడిమాడు.

"ఎంత సాహసమండీ! మోసేవాళ్ళందర్నీ పీకేశారు. రాజు గాల్లో వేలాడుతూ కూడా నవ్వుతూనే ఉన్నాడు. ఈ అంచులు కత్తెరవి కావు, ఆకలి కొరికినట్టున్నాయి! ఎలా చేశారు?"

నిజం కత్తెరమ్మ నాలిక చివరిదాకా వచ్చింది. వచ్చి, మర్యాదగా వెనక్కి వెళ్ళిపోయింది.

"చాలా సాధన చెయ్యాలండీ."

గుమ్మంలో భర్తకి పొలమారింది.

"ఇందులో ఇంకెవరి చెయ్యైనా ఉందా?"

"అబ్బే! అంతా నా ఒక్కదాని కష్టమే."

"అద్భుతం! ప్రదర్శనలో గుమ్మానికి ఎదురుగోడ మొత్తం మీదే. కానీ ఇలాంటివే ఇంకో నాలుగు కావాలి. సరిగ్గా ఈ అంచులే ఉండాలి సుమా!"

"దానికేం భాగ్యం!" అంది కత్తెరమ్మ. మనసులో అప్పుడే మైదా కలిపేస్తోంది, ఈసారి కాస్త పంచదార కూడా వేద్దామనుకుంటూ.

అంతలో వంటింట్లోంచి అత్తగారి కేక వినిపించింది.

"అమ్మాయ్, దొరికిందే దొంగపీనుగ! బోనుతో సహా బకెట్లో ముంచేశాను, ఇంక నీ బొమ్మల జోలికి రమ్మన్నా రాదు!"