ఒంటివేలి సాక్ష్యం

పరమేశ్ కీబోర్డు మీటలను గింజలు పరీక్షించినట్టు ఒక్కొక్కటే నొక్కి చూశాడు.

తాండూరులో కందిపప్పు మిల్లు నడిపేవాడికి కంప్యూటర్ సరుకు తెలియకపోవచ్చు. అమ్మేవాడి మొహం మాత్రం తెలుస్తుంది.

“ఇంతకన్న పెద్ద అక్షరాలు లేవా నదీం భాయ్?”

“గివే అన్నిటికన్న పెద్దయి సేట్. మీద తెలుగు స్టిక్కర్లు అంటిస్త. బస్టాండ్ బోర్డు లెక్క కనబడ్తయ్” అన్నాడు దుకాణదారు నదీం.

“తెర?”

“ఇరవై నాలుగు ఇంచులది తీస్కోండి. పెద్దాయన గేములు ఆడేది లేదు, మామూలు ప్రాసెసర్ మస్తు. ఎనిమిది జీబీ ర్యామ్. యూపీఎస్ ఉంటే మంచిది.”

“యూపీఎస్ ఉండాల్సిందే. నాయన ఒక్క పేరు రాసేలోపు కరెంటు పోవద్దు.”

“ఫోన్‌ల రాయరాదా?”

“వేలు పెడితే పక్క అక్షరం పడ్తది. పెన్ను పట్టరాదు. అవునన్నా కాదన్నా తల ఒక్కతీరే ఊగుతది. ఏం జేద్దాం?”

నదీం తెలుగు స్టిక్కర్లు తీశాడు. పరమేశ్ తండ్రి బిచ్చయ్య సంగతి బజారంతటికీ తెలుసు. వానాకాలంలో కరణ్‌కోట పోయే దారిలో ఎవరో ఆయన్ను కొట్టారు. ఎవరో తెచ్చి దవాఖాన మెట్ల మీద వదిలి మాయమయ్యారు. ప్రాణం మిగిలింది, మాట పోయింది.

మెట్ల మీద వదిలినవాడే కొట్టినవాడని పరమేశ్ లెక్క. మూట దించినవాడు కూలి అడక్కుండా పోతాడా? పోయాడంటే అది దొంగ మూట.

“వాడెవడో నాయనే చెప్పాలె. అటెన్క నేను చూసుకుంట.”

“మీరు కంప్యూటర్ కొంటున్నరా, కత్తి కొంటున్నరా సేట్?” నదీం నవ్వాడు.

చార్జర్ కోసం నిలబడ్డ మనిషి ఒకడు ముందుకు జరిగాడు. ఒంటినిండా నాపరాతి దుమ్ము.

“మౌస్ ఎడమదిక్కు పెట్టుండ్రి సేట్. పెద్దాయన కుడిచెయ్యి నుజ్జయింది గద. గిప్పుడెట్లున్నడు?”

పరమేశ్ చేతిలో కీబోర్డు కదలకుండా ఉండిపోయింది. కుడిచెయ్యి ఊసు తను ఎత్తలేదు. ఈ మనిషిని ఎన్నడూ చూడలేదు.

“నీకెట్ల తెలుసు?”

“నేనాడనే ఉన్న సేట్...”

“కొట్టినప్పుడా?”

“ఔ. నేను...”

ఆ ‘నేను’ మీదే కీబోర్డు దెబ్బ పడింది. మీటలు రాలాయి. వాటితో పాటు రెండు పళ్లు రాలాయి.

“ఆగుండ్రి సేట్! చెప్పనియ్యుండ్రి!” నదీం అడ్డం వచ్చాడు.

పరమేశ్ అతన్ని మోచేత్తో తోసి, కంప్యూటర్ ఇనుప క్యాబినెట్ ఎత్తాడు. మొదటి దెబ్బకే ఆ మనిషి దవడ పక్కకు జరిగింది. అతను తిరిగి కొట్టలేదు. రెండు చేతులూ జోడించి ఏదో చెప్పబోయాడు. నెత్తురే వచ్చింది, మాట రాలేదు.

“మా నాయనను కొట్టినోడు దొరికిండు!”

పరమేశ్ అతన్ని రోడ్డు మీదికి ఈడ్చాడు. అరుపు బజారులోకి పోయింది.

సంతలో కొసరు అడిగినట్టు, దారిన పోయేవాళ్లంతా వచ్చి తలా ఒక దెబ్బ వేసుకున్నారు. ఒకడు చెప్పుతో. ఒకడు హెల్మెట్‌తో. బండి దిగి తన్ని, మళ్లీ బండెక్కి తన పని మీద పోయినవాడు ఒకడు. దేనికని అడిగినవాడు ఒక్కడూ లేడు.

చివరి దెబ్బ పరమేశ్‌దే. క్యాబినెట్ మూల నెత్తిలో దిగింది. రోడ్డు మీద కాళ్లు కొంచెంసేపు తన్నుకుని ఆగాయి.

అంబులెన్స్ వికారాబాద్ చేరకముందే అతని ప్రాణం పోయింది.

మర్నాడు ఎస్సై పరమేశ్‌ను జీపులో ఇంటికి తీసుకొచ్చాడు.

“ఆనాడు ఎవరు కొట్టిండ్రో చెప్పే సాక్షి మీ నాయన ఒక్కడే. వాడే కొట్టిండని ఆయన చెప్తే కేసు ఒక తీరు, లేకుంటే ఇంకో తీరు.”

“చెప్తడు సార్. నాది తప్పుడు తూకం కాదు.”

నదీం అప్పటికే వచ్చి, మంచం పక్కన కంప్యూటర్ బిగించి, కొత్త కీబోర్డు పెట్టి ఉన్నాడు. పరమేశ్ పలకరిస్తే మొహం తిప్పుకున్నాడు. బజారులో జరిగింది ముసలాయనకు ఎవరూ చెప్పలేదు.

ఎస్సై చనిపోయినవాడి ఆధార్ కార్డును బిచ్చయ్య కళ్లముందు పట్టాడు. అంజిలయ్య, బొంరాస్‌పేట.

బిచ్చయ్య కళ్లు పెద్దవయ్యాయి. గొంతు గురగురలాడింది. తల ఊగింది. కన్నీళ్లు చెవుల్లోకి కారాయి.

“చూసిన్రా సార్, గుర్తువట్టిండు! నాయనా, ఫికర్ చెయ్యకు. మేమున్నం. రాయి.”

ఎడమచేతి వేలు మీటల మీద వెతికింది. ఒక అక్షరం. ఒక ఊపిరి. మరో అక్షరం.

‘కొట్టినోళ్లు’

“చదువుండ్రి సార్!” పరమేశ్ గొంతు లేచింది.

‘ఉరికిన్రు’

“ఔ సార్, దవాఖాన కాడ పడేసి ఉరికిండు!”

“జర నోరు మూస్కో సేట్. ఆయనను రాయనియ్యి” అన్నాడు నదీం.

వేలు ఆగలేదు. తప్పు పడితే చెరిపింది, మళ్లీ వెతికింది.

చివరి మీట నొక్కి, ఇన్ని నెలల్లో మొదటిసారి బిచ్చయ్య కొడుకును చూసి నవ్వాడు. తెరమీద ఇలా ఉంది: ‘ఈ పిల్లగాడే నన్ను వీపు మీద మోసుకొచ్చిండు, లోపలికి పిలిచి బువ్వ పెట్టు.’