లోపలి బెజ్జం

నీళ్ళ తొట్టిలో ముంచిన పెట్టెలోంచి బుడగలు బిలబిలమంటూ పైకి వస్తున్నాయి. గ్యాసన్న గాలి గొట్టం కట్టేసి తలెత్తాడు.

“గాలి పోయేది అతుకు దగ్గర కాదమ్మా. లోపలెక్కడో ఉంది.”

“లోపలి గొట్టానికి అడుగువైపు చూడండన్నయ్యా,” అంది ఆమె.

ఆమెని చూడటం అతనికి అదే మొదలు. బయట పొగమంచు ఇంకా విడలేదు. భుజాల చుట్టూ బూడిదరంగు శాలువా, చేతుల్లో పాత తువ్వాలులో చుట్టిన ఈ పెట్టె, నడిచే వచ్చింది. గ్యాసు మంట ముందు తల నెరిసిన ఆ మనిషి అసలు పేరు ఊళ్ళో ఎవరికీ గుర్తులేదు. ఇత్తడి అతుకంటే మాత్రం అందరూ అతని పాకకే దారి చూపిస్తారు.

పెట్టె బజార్లో దొరికే సరుకు కాదు. పాత కారుకి ఎవరో కొలతలిచ్చి చేయించింది. ఇంజను పొగ పోయే గొట్టం మధ్యలోంచి వెళుతుంది, చుట్టూ రేకు మూత. ఆ వేడికి కాగిన గాలి కారులోకి వస్తుంది. గొట్టం గట్టిగా ఉంటే వెచ్చదనం. చిల్లిపడితే అదే విషం.

“ఎవరు చేయించారమ్మా?”

“మావారు. చలికి ఓర్చుకోలేని మనిషి.”

“పొగ వాసన వచ్చేదా?”

“వాసనేం లేదు. కారెక్కితే చాలు తలనొప్పి. దిగాక వాంతులు. ఈ చలిలో అద్దాలెవరు దించుకుంటారు?”

“కారులో ఎవరెవరు తిరుగుతారు?”

“ఒక్కరే. రోజూ ఆ కొండదారి వెంట ఫ్యాక్టరీ దాకా.”

గ్యాసన్న ఆ దారి తలుచుకున్నాడు. ఒక పక్క లోయ, అద్దాలు బిగించిన కారు, మత్తుగా వాలిపోతున్న కళ్ళు. తల విదిలించుకుని స్క్రూడ్రైవరు అందుకున్నాడు. తడిచేతిలో అది జారిపోతుంటే ఆమె తీసుకుని, మూత మరలు చకచకా విప్పేసింది.

“చెయ్యి తిరిగిన పనే!” అంది టీ గ్లాసులతో వచ్చిన గ్యాసన్న భార్య.

“ఇంట్లో ఏది పాడైనా నేనే చూసుకుంటా వదినా.”

గ్యాసన్న మూత తీసి గొట్టం అడుగున టార్చిలైటు వేశాడు. చెప్పినచోటే ఉంది చిల్లి. వేలితో తడిమి, వేలు వెనక్కి తీసుకున్నాడు. తుప్పు తిన్న చిల్లికి అంచులు చివికిపోయి ఉంటాయి. ఇది గుండ్రంగా, నున్నగా ఉంది. డ్రిల్లు దింపిన బెజ్జం.

“అమ్మా, కంగారుపడకుండా విను. ఇది దానంతటది పడ్డది కాదు. ఎవరో వేశారు.”

ఆమె కంగారుపడలేదు. తల దించుకుంది, అంతే. అన్నీ తెలిసి కూడా నోరు మెదపకుండా బతుకుతోంది ఈ పిల్ల అనుకున్నాడు గ్యాసన్న.

“ఇది ఇక్కడికి తెచ్చినట్టు మీ ఆయనకి తెలుసా?”

“తెలీదు.”

“ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా?”

“ఏ ఇంట్లో లేవన్నయ్యా?”

టీ గ్లాసు కోసం చెయ్యి చాచినప్పుడు శాలువా జారింది. మణికట్టు నుంచి మోచేతి దాకా మానిపోయిన వాతలు. గ్యాసన్న భార్య చూసింది. మొగుడికి కళ్ళతోనే చూపించింది. గ్యాసన్న పెట్టెని పక్కకి నెట్టాడు.

“నేను దీన్ని అతకను. ఇలాగే పోలీసులకి చూపిద్దాం పద. నేనొచ్చి సాక్ష్యం చెప్తా. వాణ్ణి ఊరికే వదలకూడదు.”

అప్పుడు బెదిరింది ఆమె. గ్లాసులో టీ తొణికి వేళ్ళ మీద పడినా చెయ్యి కదపలేదు.

“వద్దన్నయ్యా! మీ కాళ్ళు పట్టుకుంటా. ఆ బెజ్జం పూడ్చండి, చాలు. పిల్లలు చిన్నవాళ్ళు. పోలీసులొస్తే వాళ్ళు దిక్కులేనివాళ్ళైపోతారు.”

గ్యాసన్న భార్యని పక్కకి పిలిచాడు. “అతుకు వేస్తే రుజువు పోతుందే.”

“వెయ్యకపోతే మనిషే పోతుంది. ముందు ప్రాణం సంగతి చూడు. తక్కినవి తర్వాత మాట్లాడుకోవచ్చు.”

గ్యాసన్న గొట్టాన్ని ఆకురాయితో గీకి, కళ్ళద్దాలు దించుకుని మంట వెలిగించాడు. ఇనుము ఎర్రబడింది. వెలిగారం పొడి గాజులా కరిగి మెరిసింది. ఇత్తడి పుల్ల ఆనించగానే కరిగి, బెజ్జం అంచుల్ని వెతుక్కుంటూ పాకి నిండుగా కూర్చుంది. చల్లారాక ఆకురాయితో నున్నగా సాపుచేశాడు. బెజ్జం ఆకారమే మిగల్లేదు. నీళ్ళలో ముంచి గాలి పెడితే ఒక్క బుడగైనా లేవలేదు.

ఇన్నేళ్ళ పనిలో ఏ అతుకు వేసినా మనసు తేలికపడేది. ఈసారి మాత్రం ఎవరి నోరో నొక్కినట్టు అనిపించింది. ఎందుకో అతనికే అర్థం కాలేదు.

ఆమె మూత బిగించి, పెట్టెని తువ్వాలులో చుట్టుకుంది. వచ్చాక మొదటిసారి ఆ ముఖంలోకి నవ్వు వచ్చింది.

“మళ్ళీ వేస్తే ఏం చేస్తావమ్మా?” అడిగాడు గ్యాసన్న.

“మళ్ళీ ఎవరూ వెయ్యరన్నయ్యా.”

“అంత ధీమాగా ఉండకు. ఈ కారెక్కిన ప్రతిసారీ నీ జాగ్రత్తలో నువ్వుండాలి.”

“ఉంటాను,” అని గుమ్మం వైపు నడిచింది.

గ్యాసన్న భార్య మనసు ఆగక వెంట వెళ్ళింది. “ముందు డాక్టరుకి చూపించుకో తల్లీ. ఆ విషం ఒంట్లోంచి అంత తేలిగ్గా పోదు. అలాంటి తలనొప్పిని అశ్రద్ధ చెయ్యకూడదు.”

ఆమె గుమ్మంలో ఆగి, శాలువా సర్దుకుంటూ వెనక్కి తిరిగింది.

“తలనొప్పి నాకు కాదు వదినా, పోయిన మావారికి.”